బంగళాలో విన్న పదకొండు రికార్డులు

నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మిషన్ కాంపౌండులో కాపురముంటూ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి సమాధానం గారి కుమార్తె ఆనందకుమారి అనే నేను, వయసు పదహారు, ప్రస్తుతం మద్రాసు పెద్దాసుపత్రి గుండె వార్డులో పదో నంబరు మంచం మీద కూర్చుని రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉంది. పొద్దున జ్వరం తొంభైతొమ్మిది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. భయం మాత్రం ఉంది, అది ఎవరో పెట్టింది కాదు.

మైనరు రాసిన వీలునామా చెల్లదని నాకు తెలుసు. కోర్టుకెక్కేంత ఆస్తి నాకు లేదు గనక ఫరవాలేదు. చదివింది ఇంగ్లీషు మీడియమే అయినా తెలుగులో రాస్తున్నాను, నాయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి.

సోమవారం నా గుండెకు ఆపరేషను పెట్టారు. లోపల ఒక కవాటం బిగుసుకుపోతోందట. తండ్రి సంతకం ఉంటేనే చేస్తారు. నాయన ఇంకా పెట్టలేదు. ఉపవాసముండి ప్రార్థించి శుక్రవారం, అంటే రేపు, వచ్చి చెబుతానన్నాడు. చేసినా బతికే అవకాశం సగానికి తక్కువేనని పెద్ద డాక్టరు పక్క డాక్టరుతో ఇంగ్లీషులో అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నాడు. పోయిన వారం పన్నెండో నంబరు మంచం అమ్మాయికి చేశారు. ఆ మంచం మీద దుప్పటి మార్చారు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా క్లాస్‌మేటు వెంకటశేషమ్మది. బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు ఉన్న పద్మనాభయ్య గారి అమ్మాయి. శేషు రహస్యాన్ని రెండు రోజుల కంటే ఎక్కువ దాచగలదు, మా క్లాసులో అది పెద్ద సంగతి. వాళ్ళింట్లో రికార్డులు కూడా వేసే రేడియోగ్రామ్ ఉంది. వాళ్ళ తాతగారి వీలునామా చూసే నేను ఈ భాష నేర్చుకున్నాను.

2. నా స్థిరాస్తి ఏమీ లేదు. చరాస్తి పదకొండు రికార్డులు, బ్యాటరీలతో తిరిగే ఒక ప్లేయరు. అమెరికా దొరగారి అబ్బాయి డేవిడ్ రెండేళ్ళ కిందట పై చదువుకు వెళ్ళిపోతూ, కావలసినవాళ్ళు తీసుకోవచ్చని అట్టపెట్టె మీద రాసి, మిషన్ బంగళాలో వదిలేశాడు. బంగళా సముద్రం ఒడ్డున ఇసకదిబ్బ మీద ఉంది. ఇరవైరెండు మెట్లు. డేవిడ్ ఉన్న రోజుల్లో నేను కింది మెట్టు మీద కూర్చుని, పైనుంచి వచ్చే పాటలు వినేదాన్ని. పైకి ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. పన్నెండో ఏట కీళ్ళజ్వరం వచ్చి గుండెకు పట్టింది గనక.

3. ఆ రికార్డుల్లో శేషుకు చెందవలసినవి, వాటి మీద నా అభిప్రాయాలతో సహా:

(అ) నీలం అట్టది. బాకా వాయిస్తాడు. దీన్ని వాన పడేటప్పుడు వినకూడదు, ఏడుపొస్తుంది. ఎండలో వింటే ఏమీ అనిపించదు. మబ్బు పట్టిన రోజు సరిపోతుంది.

(ఆ) సాక్సఫోను ఉన్నది. ఒక పక్కంతా ఒకటే పాట. డేవిడ్ అట్ట మీద మూడు నక్షత్రాలు వేశాడు. నేనైతే ఒకటి వేస్తాను. పెళ్ళి ఊరేగింపులో సన్నాయి ఆయన దారి తప్పి, వాయించుకుంటూ వేరే ఊరికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. చివరి రెండు నిమిషాల్లో మాత్రం దారి దొరుకుతుంది. శేషు మొత్తం వినాలి. ఆ రెండు నిమిషాలే వింటే దొరికినట్టు తెలియదు.

(ఇ) అయిదుగురు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని అరిచేది. మొదటి పక్క చాలా బాగుంది. రెండో పక్క పరీక్షలో చివరి ప్రశ్నకు రాసిన జవాబులా ఉంది. అయినా నా ఓటు వీళ్ళకే. వీళ్ళకు ఆయాసం రాదు. ఈ పాటకు ఒకసారి లేచి గెంతాను. నాలుగు గెంతులు. తరువాత అరగంట నేల మీద పడుకున్నాను.

(ఈ) మిగతావి ఆరు. రెండింటికి గీతలు పడ్డాయి. మూడు ఒకే మనిషివి, ఒకటి ఉంటే చాలు. ఇంకొకటి క్రిస్మస్ పాటలు. అది నాయన ఎదుట కూడా వినవచ్చు, అందుకే నేను వినలేదు.

షరతు: మా సంఘంలో ప్రతి జనవరి ఉజ్జీవ కూటాల చివరిరోజు లోక సంబంధమైన వస్తువులన్నీ కుప్ప పోసి కాలుస్తారు. సినిమా పాటల పుస్తకాలు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు. ఈ పదకొండులో ఏదీ ఆ కుప్పలో పడకూడదు.

4. పియానో రికార్డు, ప్లేయరు అమ్మకు. అందులో డ్రమ్ములను కర్రలతో కొట్టరు, చీపురు లాంటి దానితో రాస్తారు. ఒక శనివారం బంగళాలో నేను వింటుండగా అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. నేను చూసేసరికి చాలాసేపైనట్టుంది. "వడ్లు చెరుగుతుండారా ఏందే ఎవురో?" అని అడిగి, కిటికీలు మూసి, దిగిపోయింది. నాయనకు చెప్పలేదు. ఆమెను ఎవరూ ఏమీ అనొద్దు. అమ్మకు ప్లేయరు పెట్టడం రాదు, శేషు నెలకొకసారి వెళ్ళి పెట్టాలి.

5. మైపాడు అంగడి కామాక్షయ్యకు నా క్షమాపణ. నాయన టార్చిలో కొత్త బ్యాటరీలు తీసి ప్లేయరులో వేసి, పాతవి టార్చిలో పెట్టింది నేనే. నాయన అంగడికి పోయి, "నిన్న గదయ్యా కొన్నది, ఎట్టా అయిపోతాయి? ఇసక పోసి అమ్ముతుండావా?" అన్నాడు. "రాత్రంతా టార్చి ఎలిగించుకోని బైబిలు చదివితే అంతే ఉపదేశిగారూ, దేవుడికి చెప్పి కరెంటు పెట్టించుకోండి" అన్నాడు కామాక్షయ్య. ఆ మాటకు నాయన రెండు నెలలు ఆ అంగడి గడప తొక్కలేదు. అగ్గిపెట్టెకు కూడా నెల్లూరు పోయేవాడు. కామాక్షయ్య బ్యాటరీలు మంచివే.

6. ఒక ఆడమనిషి పాడిన రికార్డు మిషన్ దవాఖానా నర్సు మగ్దలీనమ్మ గారికి. ఆమె దగ్గర ప్లేయరు లేదు. అట్ట చూసుకున్నా చాలు. ఆ పాడే ఆమె గొంతు బొంగురు, చక్కనిది కాదు. కానీ అబద్ధం చెప్పడం లేదని తెలుస్తుంది. వినలేక ఎన్నోసార్లు మధ్యలో ముల్లు ఎత్తేశాను. ఎందుకో కింద రాస్తున్నాను.

7. ఇది నాయనకు. నా దగ్గర ఆయనకివ్వడానికి వస్తువు లేదు.

నాయనా, నిరుడు మే నెల కూటాల్లో నేను లేచి సాక్ష్యం చెప్పాను గదా. దేవుడు నన్ను ముట్టాడని, ఆయాసం పోయిందని, మెట్లెక్కగలనని. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నువ్వు ఏడ్చావు. అది అబద్ధం. నన్ను ఎవరూ ముట్టలేదు. ఖాళీగా ఉన్న బంగళా కిటికీలు తెరిచి తుడిచే పని అమ్మది, ఆమెకు మోకాళ్ళనొప్పులు, ఆ పని నాకిస్తుందని, రికార్డులు నా చేతికొస్తాయని చెప్పాను. ఆ శనివారమే అమ్మ తాళంచెవి ఇచ్చింది. ఇరవైరెండు మెట్లు ఎక్కడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

ఇంజెక్షన్లు ఆగిపోతాయని అప్పుడు నాకు తట్టలేదు. స్వస్థత సాక్ష్యం చెప్పినవాళ్ళు మళ్ళీ మందు ముట్టుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని మన సంఘంలో అందరూ అనుకుంటారు. కీళ్ళజ్వరం తిరగబెట్టకుండా నెలకొకసారి వేయవలసిన ఇంజెక్షన్ కోసం మగ్దలీనమ్మ గారు మూడు నెలలు సూది ఉడికించే నీళ్ళు కాచి పెట్టుకుని చూసింది. నేను రాకపోతే తనే ఇంటికి నడిచొచ్చింది. "ఉపదేశిగారూ, నయం చేసినాడు సరే, మందు పంపినాడు గూడా ఆయనే గదా?" అంది. "బిడ్డ సాక్ష్యం చెప్పినాక మందు వేయిస్తే నేను ఏ మొగంతో వాక్యం చెప్పేది మగ్దలీనమ్మా?" అన్నావు నువ్వు. నేను తలుపు వెనక ఉన్నాను. ఒక్క మాట చాలు. చెప్పలేదు. ఆ తరువాత రెండుసార్లు జ్వరమొచ్చింది, కీళ్ళు వాచాయి. కాన్వెంటు స్కర్టు పొడుగు చేయించుకుని మోకాళ్ళు దాచాను, చివరికి క్లాసులో పడిపోతే కాన్వెంటువాళ్ళే నన్ను ఇక్కడ చేర్చారు. ఈలోపు నువ్వు కొడవలూరులో, బుచ్చిరెడ్డిపాలెంలో, సైకిలు పోయిన ప్రతి ఊళ్ళో నా సంగతి చెప్పి ప్రసంగం చేశావు. అందుకే ఇప్పుడు నీకు సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదని నాకు తెలుసు.

నువ్వు నమ్మింది తప్పు కాదు. నీ ప్రార్థనలో లోపం వెతుక్కోవద్దు, ఉపవాసం మానెయ్యి. దేవుడికి మొదటి రోజు నుంచీ నిజం తెలుసు. నీకొక్కడికే తెలియదు. అన్ని ఊళ్ళకూ మళ్ళీ పోయి నా కూతురు అబద్ధమాడిందని చెప్పాల్సొస్తే చెప్పు. నేను ఉన్నా లేకపోయినా చెప్పు.

8. ఈ కాగితాన్ని కవరులో పెట్టి అంటించి, నా తరువాత తెరవమని శేషుకు పంపాలనుకున్నాను. సాక్షి వేలిముద్ర వేయమంటే, పక్కమంచం ఆదిశేషమ్మ అవ్వ చదివి వినిపిస్తేనే వేస్తానని మొండికేసింది. అంతా విని, "చచ్చినాక చదివితే మీ నాయన సంతకం ఎవురికి పెట్టాలమ్మే? నీ సమాధికా?" అంది. నాయన ముఖం చూడటం కంటే సోమవారమే నయమనిపిస్తోంది. అయినా కవరు అంటించడం లేదు. రేపు నాయన వచ్చి కూర్చోగానే చేతికిస్తాను. చదివాక ఆయన సంతకం పెట్టినా నేను బతుకుతానని అనుకోవడం లేదు. పెట్టకపోతే అది నా అబద్ధం వల్ల కాకూడదు. అంతే.

పైన రాసినదంతా నేనే రాశాను, కొట్టివేతలు కూడా నావే. మద్రాసు, 1966 నవంబరు 17, గురువారం, మధ్యాహ్నం.

(సంతకం) సమాధానం ఆనందకుమారి

సాక్షులు:
కొడవలూరు ఆదిశేషమ్మ, తొమ్మిదో నంబరు మంచం, ఎడమచేతి వేలిముద్ర
పరంజ్యోతి, ట్రెయినింగు నర్సు (చదవలేదు, సంతకం మాత్రమే)

జతపరచినది: ఆపరేషను అంగీకార పత్రం ఒకటి. తండ్రి సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉన్నది.