అమావాస్యా, పాడ్యమా?

రాజాం

అమ్మకు నమస్కారాలు.

నేను పుట్టింది అమావాస్య ఉండగానా, వెళ్లాకనా? నువ్వేమో అమావాస్యే అంటావు. ఆడపిల్లకి పెళ్లి కాదన్న భయంతో నాయనమ్మ ఊరంతా పాడ్యమని చెప్పింది. ఇప్పుడా సంగతి తేలాలి.

పక్కింటి ధనలక్ష్మి భర్త ఓడ దిగి వస్తూ సింగపూర్ నుంచి చైనావాళ్ల క్యాలెండర్ తెచ్చాడు. అందులో ఏడాదికో జంతువు. నేను పుట్టినప్పుడు సరిగ్గా ఆ అమావాస్యతోనే పాము వెళ్లి గుర్రం వచ్చిందట. అంటే అమావాస్యైతే నేను పాముని, పాడ్యమైతే గుర్రాన్ని. ఈ ఏడు మళ్లీ గుర్రమే.

"వదినా, నువ్వు గుర్రానివైతే ఈ ఏడు నీ జంతువుదే, అందుకే నీకు గండమట. ఏడాదంతా ఎర్రబట్టే కట్టాల. పామువైతే ఏటీ నేదు" అంది ధనలక్ష్మి.

"పామే. నాకు పెళ్లినాడే తెలిసిపోనాది" అన్నారు మీ అల్లుడు.

నాకు నమ్మకం లేదు. అయినా వారంగా కాలేజీకి ఎర్రచీరే కడుతున్నాను. ఉన్నవి రెండే. "అమ్మవారి మొక్కా మేడమ్?" అని పిల్లలు అడుగుతున్నారు.

నీ మోకాళ్లెలా ఉన్నాయి? తమ్ముడితో ఉలవలు పంపు. గుర్రాన్నని కాదు, ఇంట్లో నిండుకున్నాయి. ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను, నిజం రాయించు.

పామునైతే ఎర్రచీర తప్పుతుంది. గుర్రాన్నైతే నాయనమ్మ అబద్ధమాడలేదని తేలుతుంది. నాకేది కావాలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ కూతురు
పద్మకుమారి