పైకి నునుపైన గొంతు గొట్టం

వైద్య పరికరాల తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: నా భర్త గొంతులోని స్టీలు గొట్టం లోపలి గరుకును, నాపై మోపిన అశుభ్రత నిందను గురించి రెండవసారి విన్నపము.

నేను కుట్టుపని చేసి బతికేదానను. నా భర్తకు ఆపరేషను అయి, ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టియున్నారు. దాని లోపలి సన్న గొట్టాన్ని రోజూ తీసి కడిగి పెట్టు బాధ్యత నాది.

1. నాలుగు నెలలలో మూడు పర్యాయములు చీము పట్టి జ్వరము వచ్చినది. మొదటి జ్వరానికే నర్సు గారు కార్డు మీద "ఇంట్లో శుభ్రత లేదు" అని వ్రాసినారు. మా ఇల్లు ఆమె ఎన్నడు చూసినారో నాకు తెలియదు.

2. గరుకున్న చోట క్రిములు అతుక్కుని, పైన జిగురు పొర కప్పుకుంటాయని, ఆపై మందులకు ఒక పట్టాన లొంగవని డాక్టరు గారే చెప్పినారు. మరి ఆ గరుకు ఎక్కడిదని అడిగితిని. ఆయన గడియారం చూసుకున్నారు.

3. సూది బెజ్జం నున్నగా లేకపోతే దారం నూగు లేస్తుంది. మూడో జ్వరానికి మార్చి తీసేసిన పాత గొట్టంలో పట్టుదారం లాగి చూచితిని. రెండు చోట్ల తట్టుకుని, నూగుతో బయటికి వచ్చినది. దారం జతపరచడమైనది. పోయిందని చెప్పవద్దు, ఇంకొక ముక్క నా దగ్గర దాచినాను.

4. నా మొదటి అర్జీకి తమ కార్యాలయం "గొట్టం పైకి నునుపుగానే ఉన్నది" అని జవాబిచ్చినది. "పైకి బాగానే ఉంటాడు" అని మనం ఎలాంటి వాణ్ణి గురించి అంటాము? లోపలి సంగతి తెలిసే ఆ మాట వ్రాసినారని నా అనుమానం.

5. గురువారం ఆస్పత్రిలో, పాతది తీసిన పెట్టెలోనిదే ఇంకొక కొత్త గొట్టం పెడతారట. ముందు దారం లాగి చూడమంటే, "ఇదేమన్నా మీ కుట్టు మిషనా అమ్మా?" అని నర్సు గారు నవ్వినారు. మావారు మాట బయటికి రావడానికి గొట్టానికి వేలు అడ్డం పెట్టుకుని, "పోనీలేవే, వాళ్లతో మనకెందుకు" అన్నారు. ఆ నాలుగు మాటలకే ఆయాసపడ్డారు. ఇంకొక జ్వరం వస్తే మనిషి దక్కడం కష్టమని డాక్టరు గారి మాట. నాకు ఉన్నది ఆయన ఒక్కరే.

కావున ఆ పెట్టెలోని గొట్టం ఒకటి విప్పించి, తమ కళ్లెదుట దారం లాగించి, గురువారం లోగా చిత్తగించవలెను. శుక్రవారం చిత్తగించి ప్రయోజనము లేదు.

తమ విధేయురాలు (గురువారం వరకు),
ఆ రోగి భార్య

తా.క.: కార్డు మీద ఆ మాట వ్రాసిన నాటినుంచి గొట్టాన్ని ఇనుప తీగల బ్రష్షుతో తోముతున్నాను. మెత్తటి దానితో మురికి పోదేమోనని భయం. ఎవరికీ చెప్పలేదు. లోపల దారం తట్టుకున్న ఆ గీతలు నేను పెట్టినవేనేమోనని రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. కొత్త గొట్టంలో దారం నున్నగా వస్తే నాకొక్కదానికే కబురు చేయండి. మావారికి చెప్పకండి. ఆయన నన్ను పల్లెత్తు మాట అనరు. అదే నేను తట్టుకోలేను.