మీ తమ్ముడి ఆపరేషన్ సంగతి

బాపట్ల,
17-8-1995.

పూజ్యులైన ఏసమ్మ వదినగారికి,

మీ మరదలు కాంతమ్మ వందనాలతో రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ రోజులు గడుస్తున్నాయి. రేపల్లెలో మీరూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తమ్ముడికి ఆపరేషన్ అయిన సంగతి పైవాళ్ళు చెబితే తెలిసిందని మీరు బాధపడ్డారట. తప్పు నాదే. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషికి ముందే రాయాల్సింది. రాయబోయి ఎన్నిసార్లు కలం కింద పెట్టేశానో.

మొన్న వేసవిలో మీ మనవడి బాప్తిస్మానికి వస్తూ, భట్టిప్రోలు దాటాక ఈయన బస్సు ఆపించారు. అందరూ చూస్తుండగా కాలవ గట్టున చాలాసేపు నిలబడిపోయారు. డ్రైవరు హారను కొడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఎక్కాక, బయల్దేరేముందే ఆ పనేదో చూసుకోకూడదా అని కసిరాను. అప్పటికే నెలల తరబడి మూత్రం సరిగా రాక, నడుం నొప్పితో అవస్థ పడుతున్నారట. నేను బార్లీ నీళ్ళు కాచిచ్చి ఊరుకున్నాను.

ఒకరోజు రక్తం పడింది. అప్పుడు తెనాలి తీసుకెళ్ళాను. డాక్టరు బసవేశ్వరరావుగారు వేలితో పరీక్ష చేసి, ప్రోస్టేట్ గ్రంథి రాయిలా గట్టిపడిందన్నారు. కొత్తగా వచ్చిన రక్తపరీక్ష ఏదో చేయించారు. అందులో అంకె చాలా ఎక్కువే వచ్చింది. అయినా దాన్నిబట్టి తేల్చకూడదు, ముక్క తీసి చూడాలన్నారు. సూదితో తీస్తుంటే ఆయన మూలుగు బయట బల్ల మీద కూర్చున్న నాకు వినిపించింది. ఫలితం వచ్చేదాకా ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు.

కాన్సరే వదినగారూ. తుంటి ఎముకకు కూడా పాకింది.

డాక్టరుగారు నన్నొక్కదాన్నే పిలిచి విడమరిచి చెప్పారు. ఎముకకు పాకాక గ్రంథి తీసేసినా లాభం లేదట. రేడియేషన్ కరెంటు పెడితే నొప్పి తగ్గుతుందే గాని జబ్బు ఆగదట. మగవాళ్ళ ఒంట్లో ఊరే రసమే దానికి మేతట. ఆ రసం ఆగాలంటే నెలనెలా మన తాహతుకు మించిన ఇంజెక్షన్లు, లేదంటే, రాయడానికి సిగ్గుగా ఉంది, బీజాలు రెండూ తీసేయాలి. "నయమైపోతుందని చెప్పనమ్మా. కొన్నేళ్ళు ఆగొచ్చు. ఇంటికెళ్ళి రాజారత్నంగారితో మాట్లాడండి. ఆయన ఒప్పుకుంటేనే రండి" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన, "నీకెలా తోస్తే అలా చెయ్యి కాంతం" అన్నారు. ఆ పై వారమే ఆపరేషన్ అయింది.

ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. మూత్రం సాఫీగా వస్తోంది. అన్నం తింటున్నారు. చర్చికి మాత్రం రావడం లేదు. పంచె మార్చుకోవాలన్నా తలుపు గడియ వేసుకుంటున్నారు, ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే అయినా.

మీరొకసారి రండి. మీ మాటంటే ఆయనకు గురి.

ఇట్లు,
మీ మరదలు
కాంతమ్మ.

తా.క. రాసింది మళ్ళీ చదువుకున్నాను. ఇలాగే పంపిస్తే రేపు మీ మొహం చూడలేను. ఆయనతో నేను చెప్పలేదు. మూత్రం దారిలో చిన్న అడ్డముంది, తీసేస్తారని మాత్రమే అన్నాను. ఆయన సరేనన్నది దానికే. మా మార్కు అన్నయ్య ఆపరేషన్ వద్దని మొండికేసి చేతులారా ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈయనా వద్దంటే నేనేం చెయ్యను? ఆయన అన్నీ తెలిసే ఒప్పుకున్నారని డాక్టరుగారికి కూడా అబద్ధం చెప్పాను. ఆఫీసులో ఏ కాగితమైనా ఒకటికి రెండుసార్లు చదివిగాని సంతకం చెయ్యని మనిషి, నేను పక్కనున్నానని ఆ రోజు ఆస్పత్రి కాగితం మీద చదవకుండానే పెట్టేశారు.

కుట్లు విప్పినప్పుడు ఆయనకు సంగతి తెలిసింది. తిరిగొస్తూ రైల్లో కిటికీ వైపు చూస్తూ, "వద్దంటానని భయపడ్డావా?" అని అడిగారు. అవునన్నాను. బాపట్లలో దిగబోతూ, "అడగాల్సింది కాంతం. నాకు మాత్రం నిన్నొదిలి పోవాలని ఉంటుందా? ఒప్పుకునేవాణ్ణే" అన్నారు.