ఆ రోజు కొట్టిన చప్పట్లు

తమ్ముడూ రైనో,

మన ఊరి ఐస్ హాకీ జట్టు ఆటర్స్ డిసెంబరు దాకా పట్టికలో అట్టడుగున ఉండి, చివరికి ఫైనల్ ఆడింది. నువ్వు గోలీగా గోలు కాసిన ఏడాది తర్వాత, ముప్పై ఏళ్ళకి ఇదే ఫైనల్. మళ్ళీ ఒక్క గోలుతో ఓడాం. అయినా నా మనసు హాయిగా ఉంది.

మన గోలీ మంచు మీద బోర్లా పడి ఏడుస్తుంటే జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న ముసలి తోయివో, "మీ వాడికీ ఆ రోజు ఇలాగే కొట్టామమ్మా. వాడు తలెత్తి చూస్తే కదా!" అన్నాడు.

నీ ఫైనల్ రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. నువ్వేమో అందరూ నిన్ను తిట్టుకుంటున్నారనుకుని ఊరే వదిలేశావు. ఆ చప్పట్లు ఈ ఉత్తరంతో అందాయనుకో. అక్టోబరులో ఆటలు మొదలవుతాయి, రా.

నీ అక్క