మగ్గం గుంతలో నీళ్లు

ఫిబ్రవరి 4
మళ్లీ నీళ్లు. వాన లేదు, మబ్బయినా లేదు. పొద్దున నేతకు కూర్చుని మగ్గం గుంతలోకి కాళ్లు దింపితే చీలమండల దాకా నీళ్లు. తొక్కుడు చెక్కలు తేలుతున్నాయి. చెంబుతో తోడి పెరట్లో పోశాను. తోడిన కొద్దీ ఊరుతోంది... ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కదా.

ఫిబ్రవరి 6
మేస్త్రీ దస్తగిరి వచ్చి చూశాడు. గుంత గోడ గోకి, వేలు వాసన చూసి — "ఇది మోరీ నీళ్లు కాదక్కా. కాలవకు నీళ్లిడిసినారు గదా, భూమి కింద నుంచి ఊరతాండాయి." కాలవ వచ్చిందని పల్లెల్లో సంబరం. మా ఇంటికి పిలవకుండానే వచ్చింది.

ఫిబ్రవరి 8, ఆదివారం
ఆయన ఆదోని నుంచి వచ్చాడు. వారమంతా జిన్నింగు మిల్లులో పని, తలలో ఇంకా దూది పీచు. నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని చూశాడు. వేళ్ల సందులు నాని తెల్లబడి, పుండ్లు పడ్డాయి.
"ఈ గుంత పూడ్సేద్దాం. టైల్స్ ఏపిచ్చుకుందాం. నువ్వు బాగుంటే సాలు."
కోపంగా అనుంటే ఎదురు తిరిగేదాన్ని. ప్రేమగా అన్నాడు. అదే కష్టం.

ఫిబ్రవరి 9
పక్కింటి సరోజక్క పోయినేడే తన గుంత పూడ్చుకుంది, మగ్గం విప్పి అటకెక్కించింది. "ఎమ్మిగనూరులో ఇంగ గుంతలెవురికి గావాల? దా, సూడు, ఎంత సల్లగుండాదో" అని టైల్స్ చూపించింది. బాగున్నాయి. గుంత ఉన్న చోట మంచం. ఆ మంచం మీద కూర్చోలేకపోయాను.
గుంతలో కాళ్లు పెట్టుకున్నంతసేపు నాకెవరూ ఏమీ చెప్పరు. నా గుడ్డ, నా చేయి. అది పోతే నాకేం మిగులుతుంది?

ఫిబ్రవరి 15, ఆదివారం
బతిమాలాను. ఒప్పుకున్నాడు. "సిమెంటు ఏపిద్దాం. ఆ తర్వాత గూడా తడి కనపడితే పూడ్సేదే. మల్ల నాతో మాట్లాడగాకు." సరే అన్నాను. తెలిసే అన్నాను.

ఫిబ్రవరి 20
కాలవ ఆపారు. మళ్లీ వదిలేలోపే పని కావాలని దస్తగిరి తొందర. పడుగు పోగులు చుట్టి దూలానికి కట్టాం, మగ్గం పక్కకు జరిపాం. అడుగు మట్టి తవ్వేసి కంకర, నీరు ఊరకుండా మందు కలిపిన సిమెంటు, పైన తారు పూత. "సందు లేకుండా పూసినానక్కా. సీమ గూడా దూరదు." ఇల్లంతా తారు కంపు. నాకు బాగుంది.

మార్చి 1, ఆదివారం
పొడి. వేలితో రాసి చూశాను. పొడి! ఆయనా దిగి, అరచేతులు ఆనించి చూసి నవ్వాడు. "గెలిసినావు లే."

మార్చి 4
పడుగు మళ్లీ ఎక్కించాను. పోగులు తెగుతున్నాయి.

మార్చి 5
అతుకుతున్నాను, తెగుతున్నాయి. గంజి ఎక్కువైందా? నూలు మంచిది కాదా? మగ్గం వంకరగా కూర్చుందా? అన్నీ చూశాను. బయట ఎండ మండిపోతోంది. జానెడు గుడ్డ కూడా దిగలేదు.

మార్చి 7
తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.
ఎండాకాలం మా నాయన గుంతలో తడి ఇసుక పరిచేవాడు. కాళ్లకు చల్లగా ఉండటానికి అనుకునేదాన్ని. కాళ్లకు కాదు, నూలుకు. అడుగు మట్టిలోని చెమ్మ పైకొచ్చి పోగును మెత్తగా ఉంచేది. ఆ మట్టినే తవ్వించి తారు పూయించాను. చెంపలు వాయించుకోవాలనిపించింది.

మార్చి 10
గుంతలో తడి గోనెలు పరిచాను. పైన ఒక చెంబు నీళ్లు. తోడి తోడి చచ్చిన చేతులతోనే పోశాను. తెగడం తగ్గింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు.
ఆయన వచ్చేలోపు అంతా ఆరబెట్టాలి.

మార్చి 12
సరోజక్క గుమ్మంలోంచి తొంగి చూసి — "ఏమ్మే, మల్ల వచ్చినాయా నీళ్లు?"
"లేదక్కా, నేనే పోసినా."
ఆమె చూసిన చూపు... సొంత అక్కలాంటి మనిషే నమ్మలేదు. ఆయనకేం చెప్పను?

మార్చి 14
గోనెలు తీశాను. పాత చీరతో తుడిచి, ఫ్యాను పెట్టాను. కాలవకు మళ్లీ నీళ్లు వదిలారట.

మార్చి 15, ఆదివారం
లేవగానే చెయ్యి పెట్టి చూశాను. మూలన తడి. తుడిచాను. టీ పెట్టుకుని వచ్చేసరికి మళ్లీ తడి... నేను పోసిన నీళ్లే సందుల్లో మిగిలి వస్తున్నాయా? కాలవవా? తెలియడం లేదు. దేవుడా, తెలియడం లేదు.
చెప్పుల చప్పుడు. గబగబా కూర్చుని ఆ మూలకు పాదం ఆనించాను.
"ఎట్లుండాది?"
"పొడిగానే ఉండాది."
"స్నానం సేసొచ్చి నేనూ దిగి సూస్తా."
పెరట్లో చెంబు చప్పుడు ఆగింది. నేనింకా లేవలేదు. మడమ కింద చల్లగా తగులుతోంది.