ముప్పై చీటీలు

గౌరవనీయులైన కౌన్సెలర్ కృపారాణి మేడం గారికి,

మూడేండ్ల కింద మీరు కల్లూరు దగ్గర మా హాస్టల్‌కొచ్చి హెచ్‌ఐవీ గురించి, కండోమ్ గురించి మాట్లాడినారు. పేరు రాయకుండా ప్రశ్నలు వేయమని అట్టపెట్టె పెట్టినారు. అందులో ముప్పై వెకిలి చీటీలు, ముప్పై రకాల చేతిరాతలతో, ఒక్కడే రాసినాడు. ఆ మహాకవిని నేనే. "కండోమ్‌కు వారంటీ కార్డు ఇస్తారా మేడం?" అన్నది నా రచనే. మీరు ఐదు చీటీలు ఓపికగా చదివినారు. హాలంతా ఈలలు. ఆరోది విప్పి, చదవకుండానే మడిచి, పెట్టె తీసుకొని వెళ్లిపోయినారు. ఆ పూట మెస్సులో నాకు సన్మానం జరిగింది.

ముప్పై ఒకటో చీటీ నా రూమ్మేట్‌ది. పోయిన నెల ఆసుపత్రి మంచం మీద చెప్పినాడు.

"పరీక్ష యాడ చేస్తారు, ఇంట్లో తెలుస్తుందా అని రాసింటినప్పా. మళ్లా అడిగితే నువ్వు నవ్వుతావని ఊరికే ఉన్న్యా."

మూడేండ్లు ఊరికే ఉన్నాడు. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, కోలుకుంటాడంట. అప్పుడే వచ్చింటే ఇంత కష్టం ఉండేది కాదన్నారు డాక్టరు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టింటే బాగుండు.

శనివారం మీరు మళ్లా ఆ హాస్టల్‌కు వస్తున్నారని తెలిసింది. దీనితో ఒక చీటీ పెట్టినాను. అదే ప్రశ్న, వాడే మళ్లా రాసిచ్చినాడు. పెట్టె తెరవకముందే అది గట్టిగా చదివి, జవాబు చెప్పండి. ఎంతమంది నవ్వినా ఆపొద్దు మేడం. ఆ రోజు నా పక్కన కూర్చున్నవాడు నవ్వలేదు. నేను చూడలేదు.

ఇట్లు,
ముప్పై చీటీల రచయిత