అవునండి అని తెచ్చుకున్న ప్రింటరు

క్లతెన్,
శుక్రవారం

మాస్ కుంచోరో గారికి,

ముందుగా నా రాతకి నన్ను క్షమించండి. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. కొన్ని మాటల్లో ఒక అక్షరం ఎక్కువ పడుతుంది, కొన్నిట్లో తక్కువ. వరసలు కూడా చివరికొచ్చేసరికి కిందికి జారిపోతాయి. వంటింటి బల్ల మీద రాస్తున్నాను కాబట్టి నూనె మరకలు కూడా ఉంటాయి. తప్పులు దిద్దుకుంటూ చదువుకోండి.

మీరు ఫోన్ చేసినప్పుడు చెప్పొచ్చు కదా అంటారేమో. మీ పడవకి నది మలుపులో సిగ్నలు దొరికేదే పదిహేను రోజులకోసారి. దొరికిన రోజున మీ అమ్మగారు ఇబు ముందు గదిలో స్పీకరు పెడతారు. మీ అక్క ఎండాంగ్, ఆవిడ పిల్లలు, ఒక్కోసారి పక్కింటివాళ్ళు కూడా చుట్టూ కూర్చుంటారు. నేను చెప్పాల్సింది అందరిముందు చెప్పేది కాదు. మీ పడవలో వంట చేసే పాక్ దర్మో సెలవు అయిపోయి రేపు మధ్యాహ్నం తిరిగి వెళ్తున్నారు. ఆయన చేతికి ఇస్తున్నాను.

విషయం ప్రింటరు గురించి. మామగారు పోయిన వెయ్యో రోజు ప్రార్థనలకి, వచ్చినవాళ్ళకి పంచడానికి నూట ఇరవై యాసీన్ ప్రార్థన పుస్తకాలు వేయాలని, మొదటి పేజీలో ఆయన ఫోటో రంగుల్లో ఉండాలని మీరు అన్నారు కదా. పాత ప్రింటరు అన్ని పేజీలకీ గీతలు గీస్తోంది. "ఇంట్లో అందరికీ పనికొచ్చే రంగు ప్రింటరు కొనండి. ముందు గదిలో కంప్యూటరు, అక్క లాప్‌టాప్, ఇబు ఫోను, అన్నిటినుంచీ వేసుకోగలగాలి. వినార్సి చూసుకుంటుందిలే," అన్నారు. అందరిముందూ అన్నారు. నా పేరు అలా ఒక పనికి చెప్పడం ఈ ఇంట్లో అదే మొదలు. ఆ రోజు కూరలో ఉప్పు వేయడం కూడా మరిచిపోయాను.

స్టేషను రోడ్డులో ప్రింటర్లూ నోటుబుక్కులూ అమ్మే చిక్ మేలాన్ అనే ఆవిడ కొట్టు ఉంది. ఆమెకి ఫోను చేశాను. ఆమె మాటలు చాలా త్వరగా వస్తాయి.

"ఇది ఒక్క కంప్యూటరుకి తీగతో కలుపుకోవడానికా అమ్మా, ఇంట్లో అందరూ వైఫైలో వాడుకోవడానికా?" అని అడిగింది.

"అవునండి," అన్నాను.

"అంటే తీగదే కదా?"

"అవునండి."

"రంగులు ఇందులో బాగా వస్తాయి. పంపించేయనా?"

"అవునండి."

ఆమె అడిగింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏమడిగినా ముందు అవునండి అనేయడం చిన్నప్పటినుంచి మా అమ్మ నేర్పిన మర్యాద. అర్థం కాలేదని చెబితే ఎదుటివాళ్ళు సరిగ్గా చెప్పలేదని అన్నట్టు అవుతుందనేది. అందుకని మూడుసార్లూ మర్యాదగానే ఉన్నాను.

పెట్టె సోమవారం వచ్చింది. ఇబు వేళ్ళమీద లెక్కపెట్టి, గురువారమూ, జావా అయిదు రోజుల వారంలోని లెగీ రోజూ కలిసి వచ్చేదాకా విప్పొద్దన్నారు. అంటే పది రోజులు. మీ అక్క ఊరుకోలేదు.

"వారంలోగా చూసుకోకపోతే కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరమ్మా."

"కొట్టువాళ్ళకి మీ నాన్న తెలుసా? చెడ్డ రోజున విప్పితే ఆయన ఫోటోకి రంగు నిలవదు."

ఆ పది రోజులూ పెట్టె మీద బాతిక్ గుడ్డ కప్పి ఉంచాం. నేను రోజూ పొద్దున్నే దుమ్ము దులిపేదాన్ని.

పోయిన వారం గురువారం ఆ మంచిరోజు వచ్చింది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయకపోతే కొట్టువాళ్ళు ఏ ఫిర్యాదూ వినరు కాబట్టి ఫోను నేను పట్టుకున్నాను. ఇబు నాలుగు పూరేకులు చల్లారు. మీ అక్క ప్రింటరుని బయటికి తీసి, ముందూ వెనకా తిప్పి చూసి, సిరా సీసా మూత తీయబోయి ఆగిపోయింది.

"దీనికి వైఫై ఏదీ? వెనక తీగ కన్నం ఒక్కటే ఉంది. చెవిటిదాన్ని పంపించారే. వినార్సీ, నువ్వేం అడిగావు?"

అందరూ నావైపే చూశారు. ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

"వైఫైదే అడిగాను. కొట్టువాళ్ళే తప్పు పంపారు," అన్నాను.

అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా నా నోటినుంచి వస్తుందని నాకు తెలియదు మాస్. మీ అక్క అప్పటికప్పుడు ఫోనులో ఆ కొట్టు పేరు కింద ఒకే ఒక్క నక్షత్రం పెట్టి, చదువు తక్కువ పిల్లని చూసి మోసం చేశారని రాసింది. "నేను మళ్ళీ మళ్ళీ అడిగాను, ప్రతిసారీ అవునన్నారు," అని చిక్ మేలాన్ దాని కింద రాసింది. మీ అక్క మళ్ళీ, "అబద్ధాలకి కూడా హద్దుండాలి," అని రాసింది. మన వీధిలో ప్రార్థనలకి వచ్చే ఆడవాళ్ళందరూ అది చదివారు. పిల్లల నోటుబుక్కులు ఇంక అక్కడ కొనబోమని ఇద్దరు నాతోనే చెప్పారు. నన్ను సంతోషపెట్టడానికి చెప్పారు.

నిన్న బజారుకి వెళ్తూ ఆ కొట్టు ముందునుంచి వెళ్ళాను. ఆమె గడప దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక్కతే అన్నం తింటోంది. నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి, కొనడానికి వచ్చానేమో అని ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచి నిలబడింది. నేను తల వంచుకుని దాటిపోయాను.

నిజం చెబితే, అందరిముందు మీరు నా పేరు చెప్పినందుకు మీకే తలవంపులు. చెప్పకపోతే ఏ తప్పూ చేయని మనిషి అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. వెయ్యో రోజుకి ఇంకా ఎనిమిది రోజులుంది. మీ జవాబు వచ్చేలోగా అది దాటిపోతుందని తెలుసు. అయినా ఒక్కరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. ఏం చేయమంటారు?

కాగితం అయిపోయింది. రోజూ అన్నం సరిగ్గా తినండి.

మీ
వినార్సి


క్లతెన్,
మంగళవారం

మాస్ కుంచోరో గారికి,

ఈసారి నా రాత మొన్నటికన్నా అధ్వాన్నంగా ఉంటుంది. వేళ్ళకి మూడు రంగుల సిరా అంటుకుంది. ఎంత కడిగినా పోవడం లేదు, నాకు కడుక్కోవాలనీ లేదు. ఈ ఉత్తరం పోస్టులో సమరిందాలోని మీ ఆఫీసుకి పంపిస్తున్నాను. మొదటి ఉత్తరం చదివి మీరు బెంగపెట్టుకుని ఉంటారు. ఇంక పెట్టుకోకండి. పుస్తకాలు నూట ఇరవై తయారయ్యాయి. ఒకటి దీనితో పంపుతున్నాను.

పాక్ దర్మో అలా వీధి మలుపు తిరిగారో లేదో, మీకు చెప్పగలిగినదాన్ని ఇంట్లో ఎందుకు చెప్పలేనని అనిపించింది. వంటింట్లోకి వెళ్ళాను. ఇబు సోయా గింజల తెంపే దిమ్మని ముక్కలుగా కోస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని గిన్నెకేసి చూస్తూ చెప్పేశాను.

"ఇబూ, కొట్టువాళ్ళది తప్పు కాదు. ఆమె అడిగింది నాకు అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసి అవునండి అన్నాను. తర్వాత భయమేసి అబద్ధం చెప్పాను."

ఇబు కత్తి ఆపలేదు. నాలుగైదు ముక్కలు కోశాక అన్నారు.

"పెట్టెలో ఒక కాగితం ఉంది చూశావా? ఏడు రోజులు దాటితే వెనక్కి తీసుకోరని రాసి ఉంది. పెట్టె వచ్చిన రోజే దాని పైన కూడా అదే అంటించి ఉంది. నేను కళ్ళజోడు లేకుండానే చదివాను."

"మరి..."

"మరేముంది, చదవనట్టు ఊరుకున్నాను. ఇన్ని రోజులూ మీ మామగారికే చెప్పుకుంటున్నా, నావల్లే పాడైంది, ఎవరికీ తెలియకుండా చూడమని. ఆయన బతికుంటే పడీ పడీ నవ్వేవాడు. మా పెళ్ళి కూడా రోజు బాగాలేదంటే వినకుండా చేసుకున్న మనిషి." కత్తి కింద పెట్టారు. "తలగుడ్డ కట్టుకో, వెళ్దాం."

"ఎక్కడికి ఇబూ?"

"ఎక్కడికేంటి, ఆ కొట్టుకి. పెట్టె నువ్వు పట్టుకో, నాకు నడుము నొప్పి."

రిక్షాలో పెట్టె నా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. దారంతా నా గుండె చప్పుడు ఆ అట్టపెట్టెలో వినిపించింది. చిక్ మేలాన్ పెట్టె మీద చీటీ చూసి మమ్మల్ని గుర్తుపట్టింది.

"ఒక్క నక్షత్రం పెట్టిన ఇల్లు మీదేనా?"

నేను నోరు తెరిచేలోగా ఇబు అందుకున్నారు. "నక్షత్రం మా పెద్దమ్మాయిది. అవునన్నది ఈ పిల్ల. ఆలస్యం నాది. తలా కాస్త పంచుకున్నాం."

ఆ తర్వాత నేను చెప్పాల్సింది నేను చెప్పాను. మీరు అడిగిన మాట నిజం, నేను అవునన్న మాట నిజం, మా ఇంట్లో అబద్ధం చెప్పింది నేను, అని. చిక్ మేలాన్ నా చేతుల్లోంచి పెట్టె అందుకుని బల్ల మీద పెట్టింది.

"ఇన్ని రాత్రులూ ఆ ఫోను మాటలే తలుచుకున్నానమ్మా, నేనే తప్పు విన్నానేమో అని. మా ఆయనైతే, నీకు చెవులు పోతున్నాయి అని మొదలుపెట్టాడు. ఇవాళ ఆయనకి ఉంది." ఆమె నవ్వింది. "సిరా పోశారా?"

"లేదండి."

"బతికించారు. పోసి ఉంటే నేనేం చేయలేకపోదును. రోజులు దాటినా ఫరవాలేదు, మారుస్తాను. ఈసారి సరిగ్గా ఎంచుకుందాం. ఇదిగో, మీ ఇల్లు బొమ్మ గీయి."

ఇల్లు గీయడం నాకు కష్టం కాలేదు. వైఫై పెట్టె ఎక్కడుందో, కంప్యూటరు ఎక్కడుందో, మీ అక్క ఎక్కడ కూర్చుని పని చేసుకుంటుందో, ఇబు ఫోను ఎప్పుడూ ఏ మేకుకి వేలాడుతుందో అన్నీ గీశాను. ఆమె రెండు ప్రింటర్లు చూపించింది. గబగబా చెప్పుకుపోయి, "మరి ఇది తీసుకుంటావా?" అంది.

అవునండి నాలుక చివరిదాకా వచ్చింది మాస్. ఇబు నన్నే చూస్తున్నారు.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అన్నాను.

ఆమె కోప్పడలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ అడిగాను. మూడోసారికి అంతా తెలిసింది. ఒకటి ఫోటోలు ఇంకా నిగనిగలాడేలా వేస్తుంది కానీ దాని సిరా ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. రెండోదాని సిరా సీసాలు ఆమె దగ్గరే ఉంటాయి, లాప్‌టాప్‌కీ ఫోనుకీ తీగ లేకుండా కలుస్తుంది, పాత కంప్యూటరుకి కావాలంటే తీగ కూడా పెట్టుకోవచ్చు. నేను రెండోది ఎంచుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పింది. మన వైఫై పెట్టె రెండు పేర్లతో కనిపిస్తుందట. ఒకటి వేగమైనది, గది దాటితే నీరసిస్తుంది. రెండోది నెమ్మదైనది, ఇల్లంతా వస్తుంది. ఈ ప్రింటరు నెమ్మదైనదాన్నే పట్టుకుంటుందట.

ఇంటికొచ్చాక మంచిరోజు మాట ఎవరూ ఎత్తలేదు. ఇబు తనే బ్లేడు తెచ్చి పెట్టె కోశారు. మీ అక్కకి దారిలోనే ఫోను చేసి అంతా చెప్పేశారు కాబట్టి ఆవిడ ముఖం మాడ్చుకుని ఉంది. సిరా పోసింది, వైఫైలో ప్రింటరు కనిపిస్తుందేమో అని ఫోనులో వెతికింది, మళ్ళీ వెతికింది.

"దొరకదు. ఇదీ చెవిటిదే. నిన్ను పంపితే ఇంతే కదా."

"కాదక్కా," అన్నాను. "అది వేగమైన పేరు. దాన్ని వదిలేసి రెండోది పట్టండి."

మీ అక్కకి కాదు అని చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ కనుబొమలు ఎత్తి, "ఓహో, ఇంజినీరమ్మగారు," అంటూనే రెండోది నొక్కింది. ప్రింటరు మీద మిణుకుతున్న దీపం నిలకడగా వెలిగింది. మేకుకి వేలాడుతున్న ఇబు ఫోను తీసి, మామగారి ఫోటో అందులోనుంచే పంపాను. కాగితం మెల్లగా బయటికొచ్చింది. ముందు ఆయన టోపీ, తర్వాత నవ్వు, తర్వాత నీలం చొక్కా. చొక్కా కొంచెం పచ్చగా పడింది. ఇబు కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"సరిగ్గానే ఉంది. ఉతికి ఉతికి చివరికి ఈ రంగే అయింది ఆ చొక్కా," అన్నారు.

మీ అక్క ఆ ఒక్క నక్షత్రాన్నీ తీసేసి అయిదు పెట్టింది. పొరపాటు మా ఇంటిదే అని కూడా రాసింది. అది రాయడానికి ఆవిడకి పావుగంట పట్టింది. శనివారం ప్రార్థనలకి చిక్ మేలాన్ కొట్టుకి అపెం రొట్టెలూ భోజనమూ రెండు పెట్టెలు పంపాలని ఇబు ఇప్పటికే నాకు నాలుగుసార్లు చెప్పారు. నోటుబుక్కులు మానేస్తామన్న ఇద్దరి ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పివచ్చాను. గుండె మీదనుంచి బియ్యం బస్తా దించినట్టుంది మాస్. ఇవాళ పొద్దున బట్టలారేస్తూ పాట పాడుకున్నానని ఇబు నన్ను వెక్కిరించారు.

ఇంకొక్కటి మిగిలింది. పోయిన నెల మీరు ఫోనులో అడిగారు, పడవలో ఇంకో ఏడాది ఉండమంటున్నారు, ఉండనా అని. స్పీకరు పెట్టి ఉంది. అందరూ చూస్తున్నారు. నేను అవునండి అన్నాను. అదీ ఆ ప్రింటరు అవునండి లాంటిదే. మీరు అడిగింది ఆ రోజు నాకు బాగానే అర్థమైంది, కానీ కాదు అనడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెబుతున్నాను. కాదు. ఆ ఇంకో ఏడాది ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టకండి. మీరు లేకుండా ఇంకో ఏడాది నాకు ఇష్టం లేదు. ఇంటికి రండి.

ఇది రాస్తుంటేనే నా చెవులు కాలుతున్నాయి. పడవలో ఎవరి కంటనైనా పడితే నేను ఇంక వాళ్ళ ముఖం చూడలేను. పుస్తకం దాచుకుని, ఈ ఉత్తరాన్ని మాత్రం చదివిన వెంటనే కాల్చేయండి.

మీ
వినార్సి